కూలి పెరిగితే పని పోదు

కనీస వేతనం పెంచాలన్న మాట వచ్చిన ప్రతిసారీ మూడు వాదనలు దాని వెంటే వస్తాయి. కూలి పెంచితే యజమాని మనుషుల్ని తగ్గించుకుంటాడు, చివరికి నష్టపోయేది కూలీయే అన్నది మొదటిది. చిన్న పరిశ్రమలు మూతపడతాయన్నది రెండోది. ఇప్పటికే అప్పుల్లో ఉన్న రైతు కూలి భారం మోయలేక సాగు వదిలేస్తాడన్నది మూడోది. మూడూ పేదవాడి మీద జాలితో చెప్పినట్టే వినిపిస్తాయి. వాటి బలం అంతా అందులోనే ఉంది. సంపాదకీయాలు రాసేవాళ్లు, టెండర్లు వేసేవాళ్లు, ఊళ్లో ఇరవై ఎకరాలున్న ఆసామి, సచివాలయంలో ఫైలు చూసే అధికారి కూడా ఇవే మాటలు చెబుతారు.

మాటల వరకే ఆగితే పట్టించుకోకపోయినా పెద్ద నష్టం ఉండేది కాదు. కానీ ఈ వాదనలు ప్రభుత్వ నిర్ణయాలయ్యాయి. 2020 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు వెళ్లే మన కార్మికుల కనీస జీతాన్ని కేంద్రం తగ్గించింది, ఉద్యోగాలు కాపాడటానికేనని చెప్పి. 2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు ఆమోదించిన వీబీ జీ రామ్ జీ చట్టంలో, నాట్లూ కోతల కాలంలో ఏడాదికి మొత్తం అరవై రోజులు పనులు ఆపే నిబంధన పెట్టారు, రైతులకు కూలీలు దొరకాలని చెప్పి. అంటే కూలీకి బేరమాడే శక్తి సరిగ్గా ఏ రోజుల్లో ఉంటుందో ఆ రోజుల్లోనే అతని చేతిలోని రెండో దారిని మూసేశారు. కాబట్టి ఈ వాదనలు ఎంతవరకు నిజమో తేల్చుకోవాలి. నిజం కాదని నా వాదన. ఒకటి పూర్తిగా తప్పు. ఒకటి న్యాయస్థానాలు ఎప్పుడో కొట్టేసినది. మూడోదానిలో నిజమైన బాధ ఉంది గానీ, ఆ బాధకు కారణం కూలీ కాడు.

మొదటి వాదన పుస్తకాల్లో చాలా తేలిగ్గా కనిపిస్తుంది. సరుకు ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గుతారు, శ్రమా సరుకే, కాబట్టి కూలి పెరిగితే పనిలో పెట్టుకునేవాళ్లు తగ్గుతారు. ఇది నిలబడాలంటే ఒక షరతు నెరవేరాలి. ఏ యజమానికీ కూలి రేటు మీద పట్టు ఉండకూడదు. కూలీకి ఒకచోట నచ్చకపోతే మర్నాడే మరోచోట అదే రేటుకు పని దొరకాలి. మన పల్లెల్లో పరిస్థితి అది కాదు. చంటిబిడ్డను ఇంట్లో వదిలి వచ్చిన ఆడమనిషి నడిచి వెళ్లగలిగేంత దూరంలోని పొలాలకే వెళ్లగలదు. ఆ పొలాలు రెండు మూడు కుటుంబాలవి అయితే సీజను మొదట్లో వాళ్లు అనుకున్నదే రేటు. ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిర్చి కోతలకు పిల్లలతో సహా తరలివెళ్లే కుటుంబాలు ఊరు దాటకముందే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉంటాయి. ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చేవాళ్లదీ అదే కథ. అడ్వాన్సు తీరేదాకా వాళ్లకు బేరం లేదు.

ఇలాంటి చోట యజమాని లెక్క వేరుగా ఉంటుంది. ఇంకో పదిమందిని పిలవాలంటే రేటు కొంచెం పెంచాలి. పెంచితే ఇప్పటికే వస్తున్న ముప్పై మందికీ పెంచాలి. అందుకని అతను పది మందిని పిలవడు. పని కొంత ఆలస్యమైనా సరే, రేటు పెరగకుండా చూసుకుంటాడు. అంటే కూలి తక్కువ ఉండటానికీ పనిదినాలు తక్కువ ఉండటానికీ కారణం ఒక్కటే. పైనుంచి ఒక కనీస రేటు వచ్చి పడితే ఆ ముప్పై మందికి ఎలాగూ అదే ఇవ్వాలి కాబట్టి, ఇంకో పదిమందిని ఆపుకోవడం వల్ల అతనికి మిగిలేది లేదు. కూలీ పనీ రెండూ కలిసి పెరిగే వీలు ఇక్కడ ఉంది. పుస్తకంలోని సూత్రం ఈ సంగతిని వదిలేస్తుంది.

దీన్ని మొదట గట్టిగా పరీక్షించింది అమెరికాలో. 1992 ఏప్రిల్ 1న న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు సరిహద్దుకు ఇరువైపులా ఉన్న 410 ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లను పెంపుకు ముందూ తర్వాతా పరిశీలించారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గినట్టు కనబడలేదు. ఆ ఫలితం మీద పదేళ్లు దుమారం రేగింది. ఇతర లెక్కలతో దాన్ని సవాలు చేసినవాళ్లూ ఉన్నారు. 2021లో కార్డ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. కానీ అది అమెరికా కథ, మనకు వర్తించదంటారు. సరే. మన మట్టి మీద జరిగినదే చూద్దాం.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైందని అందరికీ తెలుసు. కొన్నేళ్ల తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కూలి చెల్లింపులకు వేలిముద్రల స్మార్ట్‌కార్డులు తెచ్చింది. ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం జిల్లాల్లో ఏ మండలంలో ముందు ప్రవేశపెట్టాలి, ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీ వేసి తేల్చారు. 157 మండలాలు, దాదాపు కోటీ తొంభై లక్షల జనాభా. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ ఆ మండలాలను పోల్చి చూశారు. లాటరీ కాబట్టి ముందు వచ్చిన మండలాలకూ తర్వాత వచ్చిన మండలాలకూ వేరే తేడా లేదు. కనిపించిన తేడా కార్డు వల్ల వచ్చినదే. వాళ్ల అధ్యయనం 2023లో ఎకనోమెట్రికా పత్రికలో అచ్చయింది.

కార్డు వల్ల ఉపాధి హామీ రేటు పెరగలేదు. కూలి డబ్బు త్వరగా, దారిలో తక్కువ కారిపోయి చేతికి వచ్చింది. అంతే జరిగింది. ఆ కాస్త నమ్మకమే ఏం చేసిందో చూడండి. లబ్ధిదారుల కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. పేదరికం 26 శాతం తగ్గింది. పెరిగిన సంపాదనలో 86 శాతం ఉపాధి హామీ పనుల నుంచి వచ్చింది కాదు, బయటి పనుల నుంచి వచ్చింది. రైతుల పొలాల్లో, ప్రైవేటు పనుల్లో కూలి రేటు పెరిగింది. ఆ పెరిగిన రేటు మీదే పనిదినాలూ పెరిగాయి. కూలి పెరిగితే పని తగ్గుతుందన్న సూత్రం ప్రకారం ఇది జరగకూడదు. జరిగింది. ఇంకా చెప్పుకోవాల్సింది, భూమి ఎక్కువగా కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలోనే పనిదినాలు ఎక్కువ పెరిగాయి. పైన చెప్పిన యజమాని లెక్క సరిగ్గా అక్కడే పనిచేస్తూ ఉండేది, అక్కడే విరిగింది. వ్యవసాయేతర చిన్న వ్యాపారాలు, వాటిలో పనిచేసేవాళ్ల సంఖ్య కూడా ఆ మండలాల్లో వేగంగా పెరిగాయి. కూలీ చేతిలో డబ్బు ఆడితే ఊళ్లో కిరాణా కొట్టూ కుట్టుమిషనూ కూడా ఆడతాయి.

ఇది కనీస వేతన చట్టం మీద చేసిన పరీక్ష కాదని ఎవరైనా అనవచ్చు. నిజమే. కానీ ఆ చట్టం చేయాల్సిన పనినే ఇది చేసింది: ఇంతకంటే తక్కువకు నేను రాను అని కూలీ అనగలిగే ఒక మెట్టు కల్పించింది. ఆ మెట్టు వల్ల పని పోతుందని చెప్పేవాళ్లు కోటీ తొంభై లక్షల మంది మధ్య జరిగిన ఈ పరీక్షకు జవాబు చెప్పాలి. ఇంతవరకు వాళ్ల దగ్గర ఉన్నది జవాబు కాదు, జాలి మాత్రమే.

ఇప్పుడు రైతు సంగతి. ఇదొక్కటే నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం. ఎకరం వరికి దుక్కి, విత్తనం, ఎరువు, మందులు, నాటు, కలుపు, కోత అన్నీ పెరుగుతూ ఉంటే అమ్ముకునే ధర మాత్రం తన చేతిలో లేని మనిషి అతను. కూలి పెంచాలన్న మాట వినగానే అతనికి కోపం రావడం సహజం. కానీ ఆ కోపాన్ని కూలీ మీదికి తిప్పడం వల్ల లాభపడేదెవరో అతను చూసుకోవాలి.

పైన చెప్పిన అధ్యయనంలో ఇంకో ఫలితం ఉంది. కూలి పెరిగిన మండలాల్లో భూమి కౌలు రేట్లు తగ్గాయి. రైతు పేరు చెప్పి కూలి పెంపును అడ్డుకునేవాళ్లు ఎవరూ ఈ ముక్క ఎత్తరు. కూలి పెరిగితే ఆ భారం చివరికి ఎవరి మీద పడింది? సాగుచేసే మనిషి మీద కంటే, భూమి సొంతదారుకు పోయే వాటా మీద ఎక్కువ పడింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో, తెలంగాణ నీటిపారుదల ప్రాంతాల్లో సేద్యం చేస్తున్నవాళ్లలో కౌలు రైతులు ఎంతమందో ఆ జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు. పంట పండినా ఎండినా ఇన్ని బస్తాలు, లేదా ముందుగానే ఇంత నగదు. ఆ కౌలు గురించి ఒక్క మాట మాట్లాడకుండా, నాటుకు వచ్చిన ఆడకూలీకి ఇంకో యాభై రూపాయలిస్తే రైతు మునిగిపోతాడనడం రైతు పక్షం మాట కాదు. అది పొలం గట్టు తొక్కకుండా కౌలు తీసుకునేవాడి పక్షం మాట. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కౌలు రైతుల కోసం చట్టాలు వచ్చాయి. రెండూ కౌలు రేటు జోలికి పోలేదు.

రైతు బాధకు కౌలు తర్వాత రెండో కారణం మద్దతు ధర. 2025-26 ఖరీఫ్‌కు సాధారణ రకం వరికి క్వింటాలుకు 2,369 రూపాయలు ప్రకటించారు. దానికి ఆధారంగా చూపిన ఖర్చు 1,579 రూపాయలు. చేతినుంచి పెట్టిన ఖర్చు, ఇంటిల్లిపాది శ్రమ విలువ మాత్రమే అందులో ఉన్నాయి. సొంత భూమి కౌలు విలువ, సొంత స్థిర పెట్టుబడి మీద వడ్డీ కలిపిన సీ2 లెక్క అది కాదు. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ పద్దుల్లో సీ2 స్టార్ అని ఇంకో లెక్క కూడా ఉంది. అందులో కూలి ఖర్చును రైతు వాస్తవంగా ఇచ్చిన కూలి, చట్టం నిర్ణయించిన కనీస వేతనం, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానితో కట్టాలి. తెలంగాణకు చెందిన ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు అధ్యక్షతన 1990లో ఏర్పడిన కమిటీ ఈ దారి చూపింది. ఆ దారిలో నడిచి ఉంటే కనీస వేతనం పెరిగిన ప్రతిసారీ పంట ఖర్చు లెక్క పెరగాలి, దానితోపాటు మద్దతు ధరా పెరగాలి. కూలీ గెలిచిన ప్రతి రూపాయీ రైతు ధరను పైకి లాగే తాడు అయి ఉండేది. ఆ లెక్కను కాగితం మీద ఉంచి ధరకు మాత్రం చిన్న లెక్క వాడి, రైతునూ కూలీనీ ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పుతున్నారు. సీ2 మీద ధర అడుగుతున్న రైతు సంఘాలు కనీస వేతన సవరణనూ తమ డిమాండుగా ఎత్తుకోవాలి. ఇది ఔదార్యం కోసం కాదు, వాళ్ల లెక్క కోసమే.

పైగా మన దగ్గర సన్నకారు రైతుకూ కూలీకీ మధ్య గోడ లేదు. ఎకరమో ఎకరంన్నరో ఉన్నవాడు తన నాట్లు అయ్యాక పక్కవాడి పొలంలో కూలికి వెళతాడు. అతని భార్య అంతకంటే ఎక్కువ రోజులు వెళుతుంది. ఆ ఇంటికి కూలి పెంపు ఖర్చుగా ఎంత వస్తుందో రాబడిగా అంతకు మించి వస్తుంది.

ఉపాధి హామీ వల్ల కూలీలు దొరకడం లేదని, సోమరులయ్యారని ఇరవై ఏళ్లుగా వింటున్నాం. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ రేటు రోజుకు 307 రూపాయలు. కొలతల్లో తగ్గించి చేతికి వచ్చేది అంతకంటే తక్కువ. డెల్టాలో నాట్ల సీజనులో రైతులిచ్చే కూలి అంతకు ఎంతో ఎక్కువ. ఎక్కువ వచ్చే పనిని వదులుకుని తక్కువ వచ్చే పనికి ఎవరూ వెళ్లరు. ఉపాధి పనికి వెళ్లారంటే ఆ ఊళ్లో బయటి కూలి అంతకంటే తక్కువ ఉందన్నమాట. అది ఒప్పుకోవడానికి సిగ్గుపడి, సోమరితనం మీదికి నెట్టడం అన్యాయం.

ఈ రేటు విషయంలో ప్రభుత్వాల నడవడి మరీ దారుణం. 2009 జనవరి 1న కేంద్రం ఒక నోటిఫికేషన్‌తో ఉపాధి హామీ కూలిని రాష్ట్రాల కనీస వేతనం నుంచి విడగొట్టింది. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ వృత్తిదారుల యూనియన్ హైకోర్టుకు వెళ్లింది, ఆ ఏడాది జూలైలోనే కోర్టు దాన్ని నిలిపివేసింది. ఆ తర్వాత కర్ణాటక హైకోర్టు కూడా కనీస వేతనం ఇవ్వాల్సిందేనంది. ఎస్. మహేంద్రదేవ్ అధ్యక్షతన వేసిన కమిటీ, రాష్ట్రంలోని వ్యవసాయ కూలి కనీస వేతనం, ఉపాధి హామీ రేటు, రెండిట్లో ఎక్కువైనది ప్రాతిపదికగా తీసుకోమంది. అది అమలు కాలేదు. 2025లో పార్లమెంటు స్థాయీ సంఘం రోజుకు కనీసం 400 రూపాయలు ఇవ్వమంది. అదీ కాలేదు. సొంత చట్టాన్ని తానే పాటించని ప్రభుత్వం ఒక భూస్వామికో కాంట్రాక్టరుకో పాటించమని ఏ ముఖంతో చెబుతుంది?

గల్ఫ్ సంగతి పైన ఎత్తాను. దాన్ని వివరంగా చెప్పాలి. ఎందుకంటే కూలి తగ్గిస్తే ఉద్యోగాలు నిలుస్తాయన్న సూత్రాన్ని అక్షరాలా అమలు చేసిన సందర్భం అది. ఎమిగ్రేషన్ క్లియరెన్సు అవసరమైన కార్మికులకు ఇంతకంటే తక్కువ జీతమిస్తే పంపం అని మన దేశం దేశాలవారీగా ఒక కనీస మొత్తం పెడుతుంది. 2020 సెప్టెంబరు 8న, 21న వచ్చిన రెండు సర్క్యులర్లు ఆ మొత్తాన్ని 30 నుంచి 50 శాతం దాకా కోసేశాయి. ఖతర్, యూఏఈ, ఒమన్, బహ్రెయిన్‌లకు నెలకు 200 డాలర్లు చాలన్నాయి. పొరుగు దేశాల కార్మికులు తక్కువకు వస్తున్నారు, మనవాళ్ల ఉద్యోగాలు పోకూడదు అన్నది సమర్థన. అంతకు కొద్దిరోజుల ముందు, ఆగస్టు 30న, ఖతర్ ప్రభుత్వం తన దేశంలో ఏ దేశపు కార్మికుడికైనా నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం ప్రకటించింది. యజమాని తిండి పెట్టకపోతే మరో 300, బస చూపకపోతే మరో 500 ఇవ్వాలంది. 200 డాలర్లంటే 728 రియాళ్లు. పరాయి దేశం నీ మనిషికి కనీసం వెయ్యి ఇస్తానంటుంటే, సొంత దేశం ఏడువందల ఇరవై ఎనిమిదికే పంపిస్తానంది.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కడప, గోదావరి జిల్లాల ఇళ్లలో ఇది ఎంత మంట పెట్టిందో అక్కడివాళ్లకు తెలుసు. వీసా కోసం చేసిన అప్పు రూపాయల్లో ఉంటుంది, వడ్డీ నెలనెలా పెరుగుతుంది, జీతం సగమైతే అది తీరడానికి ఏళ్లు రెట్టింపవుతాయి. అక్కడ చనిపోయినా, గాయపడినా పరిహారం లెక్కా, పని ముగిసినప్పుడు వచ్చే బకాయిల లెక్కా ఆ జీతం మీదే కట్టేది. గల్ఫ్ కార్మికుల సంఘాలు తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం వేశాయి. 2021లో కేంద్రం ఆ సర్క్యులర్లను వెనక్కి తీసుకుని పాత రేట్లు పునరుద్ధరించింది. ఆ కోత వల్ల ఒక్క ఉద్యోగం అదనంగా వచ్చిందని ఎవరూ చూపించలేదు.

ఇక చిన్న పరిశ్రమలు. కనీస వేతనం కూడా ఇవ్వలేని పరిశ్రమకు బతికే హక్కు లేదని 1950లలోనే సుప్రీంకోర్టు క్రౌన్ అల్యూమినియం కేసులో తేల్చింది. యజమానికి ఇచ్చే స్తోమత ఉందా లేదా అన్నది కనీస వేతనం విషయంలో చూడాల్సిన పని లేదని ఆ తర్వాత తీర్పుల్లోనూ చెప్పింది. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని 1982లో ఏషియాడ్ కార్మికుల కేసులో, 1983లో రాజస్థాన్ కరువు పనుల కేసులో జస్టిస్ భగవతి తీర్పిచ్చారు. ఆకలి వల్ల ఒప్పుకున్నది ఒప్పుకోలు కాదని ఆ తీర్పుల సారం. ఇష్టపడే కదా వస్తున్నారు అనేవాళ్లకు అంతకంటే సమాధానం అక్కర్లేదు.

అయినా మన దగ్గర తక్కువ జీతాల మీద నడుస్తున్నవాటిలో పెద్ద భాగం చిన్న పరిశ్రమ పేరుతో ఉన్నది కాదు, ప్రభుత్వ కార్యాలయాల పేరుతో ఉన్నది. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా తెచ్చుకున్న స్వీపరు, సెక్యూరిటీ గార్డు, పారిశుద్ధ్య కార్మికుడు, ఆసుపత్రి వార్డు ఆయా. టెండరులో తక్కువ కోట్ చేసినవాడిదే కాంట్రాక్టు. మిగతా ఖర్చులేవీ తగ్గవు కాబట్టి అతను తగ్గించేది జీతాన్నీ పీఎఫ్‌నీ. ఏడో వేతన సంఘం 2016 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వ చిట్టచివరి ఉద్యోగికి నెలకు 18,000 రూపాయలు ఖాయం చేసింది. ఆ మొత్తం ఎలా కట్టారు? 1957లో 15వ భారత కార్మిక మహాసభ ఒప్పుకున్న సూత్రంతో: సంపాదించే ఒక మనిషి మీద మూడు వినియోగ యూనిట్లు, మనిషికి రోజుకు 2,700 కేలరీల తిండి, ఇంటికి ఏడాదికి 72 గజాల బట్ట, అద్దె, వంటచెరకు, దీపం. 1991 నాటి రెప్టకోస్ బ్రెట్ తీర్పులో పిల్లల చదువు, వైద్యం, పండుగలు, వృద్ధాప్యం, పెళ్లిళ్లకు మరో 25 శాతం కలపాలన్నారు. పర్మినెంటు ఉద్యోగి కడుపుకు వాడిన ఈ కొలతను, అదే వరండా ఊడ్చే కాంట్రాక్టు మనిషి కడుపుకు ఎందుకు వాడరు? (ఆ 1957 సూత్రం భార్యను 0.8 యూనిట్‌గా లెక్కకట్టింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నడుం వంచి నాటువేసే స్త్రీకి మగవాడి కంటే తక్కువ తిండి చాలని ఎవరు తేల్చారో!)

2019లో అనూప్ సత్పతి కమిటీ కేలరీల లెక్కను 2,400కు తగ్గించి, కుటుంబాన్ని 3.6 యూనిట్లుగా చూసి, 2018 జూలై ధరల మీద రోజుకు 375 రూపాయలు, నెలకు 9,750 రూపాయలు జాతీయ కనీస వేతనంగా ఉండాలంది. ఇది కార్మిక సంఘాలు కోరినది కాదు, ప్రభుత్వం తానే నియమించిన నిపుణులు చెప్పినది. అప్పటికి ఉన్న జాతీయ స్థాయి 176 రూపాయలు. ప్రభుత్వం దానికి రెండు రూపాయలు కలిపి 178 చేసింది. ఇరవై ఆరు రోజులకు 4,628 రూపాయలు.

రాష్ట్రాల తీరూ ఇలాగే ఉంది. 1948 కనీస వేతనాల చట్టం ప్రకారం ఐదేళ్లు దాటకుండా ప్రతి రంగంలోనూ వేతనాలను సమీక్షించాల్సి ఉండేది. తెలంగాణలో 2021 జూన్‌లో ఐదు రంగాలకు కొత్త వేతనాల జీవోలు వచ్చాయి. గెజిట్‌లో అచ్చువేయలేదు కాబట్టి అమలు కాలేదు. అచ్చువేయించడం కోసం కార్మిక సంఘం హైకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000. వాళ్లకిచ్చేది గౌరవ వేతనం కాబట్టి కనీస వేతన చట్టం వర్తించదన్నది ప్రభుత్వాల వాదన. 42 రోజుల సమ్మెలో వాళ్ల మీద ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవ అని ఎస్మా పెట్టిన చేత్తోనే, వేతనం దగ్గరికి వచ్చేసరికి అది ఉద్యోగమే కాదన్నారు.

ధరలు పెరుగుతాయన్న అభ్యంతరానికి ఎక్కువ చోటు ఇవ్వను. పెరిగే చోట కొద్దిగా పెరుగుతాయి. హోటల్లో ప్లేటు కడిగేవాడి ఇంట్లో పొయ్యి వెలగడానికి ఇడ్లీకి రూపాయి ఎక్కువ ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. యంత్రాలు వస్తాయన్నది కూడా అంతే. వరికోత యంత్రం కూలి తక్కువ ఉన్న మండలాలకూ వచ్చింది. వాన ముంచుకొచ్చేలోగా కోత అయిపోవాలన్న తొందర దాన్ని తెచ్చింది. కూలీని చవగ్గా ఉంచి యంత్రాన్ని ఆపగలమనుకోవడం భ్రమ.

ఎంతైనా, ఎప్పుడైనా పెంచవచ్చని నేను అనడం లేదు. కనీస వేతనం ఒక్కసారిగా ఆ ప్రాంతపు సగటు జీతాన్ని మించిపోతే ఇబ్బందులు వస్తాయి. 2019లో అమెరికా పార్లమెంటు బడ్జెట్ కార్యాలయం, 7.25 డాలర్ల రేటును 2025 నాటికి 15 డాలర్లకు పెంచితే కోటీ డెబ్భై లక్షల మందికి జీతం పెరుగుతుందనీ, తన మధ్యస్థ అంచనాలో 13 లక్షల ఉద్యోగాలు పోవచ్చనీ లెక్కవేసింది. రెట్టింపు పెంపు మీద చర్చ అది. నిపుణులు 375 అంటే 178 ఇచ్చిన చోట, ఐదేళ్ల సమీక్ష ఏళ్ల తరబడి జరగని చోట, ఎక్కువ పెంచితే ఏమవుతుందన్న భయం చూపించడం మోసం. మనం ఆ హద్దుకు ఆమడ దూరంలో ఉన్నాం.

వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చింది. షెడ్యూలులో పేరున్న రంగాలకే కాక ఉద్యోగులందరికీ కనీస వేతనం వర్తిస్తుందని అది చెబుతోంది. కేంద్రం నిర్ణయించే ఫ్లోర్ వేతనం కంటే రాష్ట్రాలు తక్కువ పెట్టకూడదంటోంది. ఆ ఫ్లోర్ ఎంత ఉండాలన్న దగ్గరే అసలు పోరాటం. పాత మూడు వాదనలూ మళ్లీ అక్కడికే వస్తాయి. రైతు సంఘాలు, కార్మిక సంఘాలు, కౌలు రైతులు, గల్ఫ్ కుటుంబాలు వేర్వేరుగా కాక కలిసి అడగాలి: 1957 సూత్రం మీద, రెప్టకోస్ తీర్పు మీద, నేటి ధరలతో కట్టిన కనీస వేతనం; దాన్ని కలుపుకున్న సీ2 స్టార్ మీద మద్దతు ధర; కౌలుకు హద్దు. మీ శాసనసభ్యుడు ఓటు అడగడానికి వచ్చినప్పుడు, మన రాష్ట్రంలో మీ హయాంలో ఎన్ని రంగాల కనీస వేతనాలు సవరించి గెజిట్‌లో వేశారో చెప్పమని అడగండి.